ఏడు సిలిండర్ల ఇత్తడి ఇంజను

ఒపాంగ్ కాల్చిన అరటికాయల పొట్లంతో మెట్లెక్కి వచ్చేసరికి బిరాగో బల్లకు ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు. వయసు నలభై లోపే. మోచేతుల దాకా కాలిన మచ్చలు. పిడికిలి విప్పి బల్లమీద నాలుగు చిన్న ఇత్తడి నట్లు రాల్చింది. కందిగింజలకన్నా కాస్త పెద్దవి. నాలుగింటి అంచులూ ఎవరో పళ్ళతో కొరికినట్టు చెడి ఉన్నాయి.

"ఇవి నేను చేసిన నట్లు," అందామె. "ఆకురాయితో ఒక్కో అంచూ అరగదీసి చేశాను. వాడేం చేశాడో చూడండి."

"ముందు కూర్చోమ్మా," అంది బిరాగో.

"కూర్చుంటే ఏడుస్తాను. నేను ఏడవడానికి రాలేదు."

బిరాగో ఒక నట్టు తీసి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఆమె ఇరవై ఏళ్ళు పోలీసు శాఖలో పనిచేసింది. పై అధికారి చూపించినవాణ్ణి వదిలేసి తప్పు చేసినవాణ్ణి పట్టుకున్నందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. ఆ తర్వాత కుమాసీలో, కెజేటియా సంత పక్కన, ఒక పూటకూళ్ళ గది పైన ఈ అపరాధ పరిశోధన ఆఫీసు తెరిచింది. ఒకప్పుడు మినీబస్సు కండక్టరుగా చేసిన ఒపాంగ్ ఆమెకు సహాయకుడు. ఊళ్ళో ఆమెకన్నా తెలివైన మనిషి లేదని అతని నమ్మకం. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఆ మాట చెబుతుంటాడు.

"నీ పేరు ఫ్రెమా కదూ," అంది బిరాగో. "సుఆమే మెకానిక్ పేటలో విమానం చేస్తున్న మనిషివి."

"అవును. నిన్నటిదాకా విమానం చేస్తున్న మనిషిని. ఇవాళ్టినుంచి దొంగనట."

అప్పుడు ఆమె జరిగింది చెప్పింది. పాతకాలంలో కుమాసీ గడ్డి మైదానంలో దిగిన తపాలా విమానానికి నాలుగో వంతు నమూనా అది. కొత్త విమానాశ్రయం హాల్లో వేలాడదీయడానికి కమిటీ వాళ్ళే అడిగారు. ఒంటికి తొడిగే అల్యూమినియం రేకంతా క్యెయి అనే రేకుపనివాడు సాగగొట్టాడు. లోహపు భాగాలన్నీ ఫ్రెమావి. బజారులో కొన్నది ఒక్కటీ లేదు. ముక్కున ఉండే ఇంజనుకు నక్షత్రంలా చుట్టూ ఏడు సిలిండర్లు. ఒక్కో సిలిండరును ముందు మైనంతో చేసి, చుట్టూ సన్నటి మైనపు రేకులు పేర్చి, మట్టి మెత్తి, మైనం కరిగించి తీసి, ఆ ఖాళీలో ఇత్తడి పోసింది. వాల్వులను నెట్టే చువ్వలకు సైకిల్ స్పోకులు కోసింది. నడిమి ఇరుసును లారీ ఉక్కునుంచి చెక్కి తీసింది. పంకా చేత్తో తిప్పితే ఏడు పిస్టన్లూ ఒకదాని తర్వాత ఒకటి కదులుతాయి.

"అదే వాళ్ళ కళ్ళల్లో పడింది," అంది ఫ్రెమా. "కమిటీ కార్యదర్శి లార్టే గారు రాజధాని అక్రా నుంచి వస్తారు. ఇది ఇక్కడ చేసింది కాదు, పరదేశం నుంచి పెట్టెలో తెప్పించిందని నలుగురిలో అన్నారు. విప్పి చూసుకోండి అన్నాను. ఇవాళ పొద్దున పరీక్ష. నేను రాత్రికి రాత్రి ఏదన్నా మారుస్తానని నిన్న సాయంత్రం నా తాళం తీసేసి వాళ్ళ తాళం వేశారు. పొద్దున వెళ్ళి చూస్తే తాళంకప్ప కోసి కింద పడుంది. విమానానికి ముక్కు లేదు."

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"రెండే ఉన్నాయి. ఒకటి లార్టే గారి దగ్గర. ఇంకోటి కమిటీ అధ్యక్షుడు బఫూ గారి దగ్గర. ఆయన ఇంజనీరు. చెవి ఉన్నవాడికి కోయాల్సిన పనేముంది అంటున్నారు. చెవి లేనిదాన్ని నేనే కాబట్టి పరీక్షకు భయపడి నేనే మాయం చేశానట."

"నీకు భయంగా ఉందా?"

"కోపంగా ఉంది," అంది ఫ్రెమా. అప్పుడు కూర్చుంది.

*

ఫ్రెమా కార్ఖానా అంటే పాత ఓడ కంటైనరు ఒకటి. చుట్టూ లారీల మధ్య సుత్తుల మోత. తలుపు ముందు క్యెయి చేతులు కట్టుకుని కాపలా ఉన్నాడు. ఎత్తయిన మనిషి. చెవులకు ఎప్పుడూ దూది ఉంటుంది.

"పోలీసాయన వచ్చి చూసి వెళ్ళాడు," అన్నాడు. "ఏం చూశాడో నాకైతే తెలీదు. నా వంక మాత్రం బాగా చూశాడు."

తెగిన తాళంకప్ప గుమ్మం దగ్గర పడ్డచోటే ఉంది. బిరాగో రుమాలుతో ఎత్తి అటూ ఇటూ తిప్పింది. ఒపాంగ్ ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు. కడ్డీని రంపంతో నున్నగా కోశారు. కప్ప రెండు చెంపల మీదా ఎదురెదురుగా చుక్కచుక్కల గాట్లు ఉన్నాయి.

"పాత తాళం వేశారా మీకు?" అని అడిగింది.

"ఎక్కడి పాతది? సరికొత్తది," అన్నాడు క్యెయి. "లార్టే నా కళ్ళముందే అట్టపెట్టె విప్పి తీశాడు. అద్దంలా మెరిసింది."

బిరాగో క్యెయి దగ్గర పాత స్పీకరు అయస్కాంతం అడిగి తీసుకుంది. దాన్ని కాగితంలో చుట్టి గుమ్మం మీదా, కింద ఎర్రమట్టిలోనూ నెమ్మదిగా తిప్పింది. కాగితానికి ఏమీ అంటుకోలేదు. తర్వాత లోపలికి వెళ్ళింది. రెక్కలు విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. వెండిలా మెరిసే ఒళ్ళు మధ్యలో నిలబడి ఉంది. దాని ముక్కు దగ్గర గుండ్రటి ఖాళీ, నాలుగు బోల్టు మొనలు. వస్తువును దవడల మధ్య బిగించి పట్టుకునే వైసు ఒకటి బల్లకు ఉంది. దాని కింద నేలమీద అయస్కాంతం తిప్పింది. ఈసారి కాగితానికి సన్నటి గడ్డంలా బూడిదరంగు రజను మొలిచింది.

"నిన్న వాళ్ళు తాళం వేసేముందు ఊడ్చావా, ఫ్రెమా?"

"ఊడ్చాను, కడిగాను కూడా. పరీక్షకు వచ్చేవాళ్ళు మురికి అనకూడదని సబ్బు పెట్టి కడిగాను. క్యెయి అన్న నవ్వాడు."

"మా ఆవిడ కూడా మా ఇంటిని అంత కడగదు," అన్నాడు క్యెయి.

"మరి ఇంజను విప్పే పానా ఏది?"

ఫ్రెమా బల్ల వెనక మేకుకు వేలాడుతున్న ఒక చెంచా తీసి ఇచ్చింది. దాని కాడ చివర కోసి, నట్టుకు సరిపడా నోరు చేసి ఉంది. "బజారులో దొరికే పానాలు దీనికి పట్టవు. ఇది తగిలిస్తే నాలుగు నట్లూ చిటికెలో వస్తాయి."

"తెలియనివాడు చూస్తే ఇది చెంచానే," అని బిరాగో దాన్ని మళ్ళీ మేకుకు తగిలించింది.

ఒపాంగ్‌కి ఇదంతా ఎటు పోతోందో అర్థం కాలేదు. అడిగితే ఆమె చెప్పదని మాత్రం తెలుసు.

మధ్యాహ్నం అవుతుండగా కమిటీ కారు వచ్చి ఆగింది. ముందు లార్టే దిగాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, చేతిలో తడి రుమాలు. వెనక బఫూ దిగాడు. నెరిసిన గడ్డం, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. డ్రైవరు సులే డిక్కీలోంచి బరువైన గోనెసంచి తీసుకొచ్చి బల్లమీద పెట్టాడు.

"ఇదిగో నీ ఇంజను," అన్నాడు లార్టే.

సంచిలో ఉన్నది కరిగి గడ్డకట్టిన ఇత్తడి ముద్ద. గిన్నెను బోర్లించినట్టు ఉంది.

"ఎక్కడిది?" అని అడిగింది బిరాగో.

"నువ్వెవరమ్మా?"

"ఫ్రెమా తరఫు మనిషిని. ఎక్కడిది?"

"పోతపనివాడు డాన్సో కొలిమిలోది. ఈమెకు పని నేర్పిన ముసలాయన. పొద్దున ఎవరో ఫోన్ చేసి చెప్పారు. పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. మూసలో తాపీగా కూర్చుని ఉంది. ఇంజనంతా ఇత్తడే కదా. కరిగిస్తే సాక్ష్యమే ఉండదు అనుకున్నారు గురువూ శిష్యురాలూ."

ఫ్రెమా ముద్ద మీద అరచెయ్యి వేసి చూసింది. "ఇది నాది కాదు."

"కరిగిపోయాక ఎవరిదో ఎలా తెలుస్తుంది? చూడమ్మా, నీ మంచికి చెబుతున్నా. రేపు పొద్దున కమిటీ తన మాట ప్రకటిస్తుంది. ఈలోగా నీ అంతట నువ్వే తప్పుకో. పరువైనా దక్కుతుంది."

"తప్పుకోను," అంది ఫ్రెమా. గొంతు పెంచలేదు. "ఇంజను దొరక్కపోతే ముక్కు ఖాళీగానే మోసుకొచ్చి మీ విమానాశ్రయం గుమ్మంలో పెడతాను. ఎందుకు ఖాళీగా ఉందని అడిగిన ప్రతివాడికీ చెబుతాను. మీరు ఎన్ని తాళాలు కావాలంటే అన్ని వేసుకోండి."

క్యెయి చెవుల్లో దూది తీసేసి, "నేను మోస్తాను," అన్నాడు.

బిరాగో మర్యాదగా ఇద్దరినీ ప్రశ్నలు అడిగింది. రాత్రి లార్టే హోటల్లోనే ఉన్నానన్నాడు. తాళంచెవి జేబులోనే ఉందట. డ్రైవరును పెందలాడే పంపేశాడట. బఫూ తన అక్క ఇంట్లో పడుకున్నాడు, చెవి తలగడ కింద పెట్టుకుని.

"ఇంతకు ముందు ఎవరైనా ఈ ఇంజనును విప్పి చూశారా?"

"పోయిన నెల నేను చూశాను," అన్నాడు బఫూ. "ఆ చెంచాతో నా చేత్తోనే విప్పాను. ముచ్చటేసింది. ఇరుసు ఉక్కుది అయినా ఎక్కడా గరుకు లేదు. అంత నున్నగా ఉండటం వల్లే నాకూ అనుమానం వచ్చిందమ్మా. దాచుకోను. సిలిండర్ల నడుమ ఉన్న పెట్టె కూడా విప్పి చూస్తే తప్ప నమ్మనన్నాను."

"లార్టే గారు మీతో ఉన్నారా అప్పుడు?"

"నేను కార్లో ఉన్నాను," అన్నాడు లార్టే. "ఈ దుమ్ములో, ఈ మోతలో నాకు తలనొప్పి. ఇంక మీ విచారణ అయిందా?"

"ఇవాళ్టికి అయింది. రేపు మీ కమిటీ మాట ఇక్కడే చెప్పండి. అందర్నీ పిలుస్తాను. ముద్ద మీ దగ్గరే ఉంచుకోండి, జాగ్రత్త."

*

డాన్సో ఇల్లు ఊరి పొలిమేరలో ఉంది. తన అక్క అంత్యక్రియలకు వేరే ఊరు వెళ్ళిన ముసలాయన ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు. నల్లబట్ట ఇంకా మార్చుకోలేదు. గుమ్మంలో పోలీసుల బూటు గుర్తులు చూసి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

"నేను చచ్చినవాళ్ళని సాగనంపి వచ్చేలోపు నన్ను దొంగను చేశారు," అన్నాడు. "నేను ఊళ్ళో ఉండి ఉంటే, ఇంట్లోవాళ్ళు చెప్పిన ఆ తెల్లచొక్కావాణ్ణి కొలిమిలో కూర్చోబెట్టేవాణ్ణి. రా అమ్మా, చూసుకో. నా కొలిమి దాచుకునేది కాదు."

కొలిమి పెరట్లో తాటాకు పందిరి కింద ఉంది. మట్టి పొయ్యి, పైన మూస పెట్టే గుంట, పక్కన గాలి ఊదే కన్నం. బిరాగో గుంటలోకి వంగి చూసింది. పైన బూడిద కాస్త చెదిరి ఉంది. తర్వాత పక్కకు వంగి గాలి కన్నంలోకి చెయ్యి పెట్టింది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది. వేలిమీద రక్తం.

"దాని జోలికి వెళ్ళకు, పొడుస్తుంది," అన్నాడు డాన్సో. "పొదుగుతోంది."

ఒపాంగ్ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. కన్నం లోపల బూడిదలో ఎర్రటి కోడిపెట్ట ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. దాని కింద గుడ్లు.

"ఎప్పటినుంచి?" అని అడిగింది బిరాగో, వేలు నోట్లో పెట్టుకుని.

"నేను ఊరెళ్ళేముందే కూర్చుంది. సందు సందు వెతుక్కుని చివరికి నా కొలిమే నచ్చింది దానికి. పిల్లలయ్యేదాకా నిప్పు పెట్టొద్దని ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెప్పి వెళ్ళాను."

బిరాగో ఆ రోజు మొదటిసారి నవ్వింది. తిరుగు దారిలో మినీబస్సులో ఒపాంగ్ ఉండబట్టలేక అడిగాడు. "దొరికాడా అక్కా?"

"మనిషి దొరికాడు. ఇంజను దొరకాలి. ఉక్కు ఇరుసూ, ఏడు సిలిండర్లూ ఉన్నదాన్ని ఎవరూ జేబులో పెట్టుకోరు."

*

మర్నాడు పొద్దున కంటైనరు ముందు బల్లలు వేశారు. కమిటీ తరఫున బఫూ, లార్టే వచ్చారు. ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. డాన్సో నల్లబట్టలోనే వచ్చి కర్రమీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. ఫ్రెమా, క్యెయి విమానం పక్కన నిలబడ్డారు. చుట్టుపక్కల మెకానిక్‌లు సుత్తులు దించి గుమిగూడారు. సులే కొంచెం దూరంలో కారును ఆనుకుని టీ తాగుతున్నాడు.

బిరాగో తాళంకప్ప బల్లమీద పెట్టింది.

"కథ ఇక్కడినుంచి మొదలవుతుంది. తాళం కోసి ఉంది కాబట్టి చెవి లేనివాళ్ళ పని అన్నారు. సరే. తలుపుకు వేలాడే తాళాన్ని రంపంతో కోస్తే ఇనుప రజను ఎక్కడ రాలాలి?"

"గుమ్మంలో," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"గుమ్మంలో రవ్వంత కూడా లేదు. లోపల బల్లకున్న వైసు కింద ఉంది. ముందురోజు సాయంత్రం ఈమె సబ్బుతో కడిగిన నేలమీద. ఇంకొకటి చూడండి. సరికొత్త తాళం చెంపల మీద ఈ గాట్లేమిటి? ఆ వైసు దవడల గుర్తులివి. ఇన్‌స్పెక్టరు గారూ, తలుపుకు వేసి ఉన్న తాళాన్ని గది లోపలి వైసులో బిగించగలరా?"

ఇన్‌స్పెక్టరు గాట్లు చూశాడు, లోపలికి వెళ్ళి వైసు చూశాడు, వచ్చి కూర్చున్నాడు. "అంటే ముందే చెవితో తీశారు."

"చెవితో తీశారు. లోపలికి వెళ్ళి, తీరిగ్గా వైసులో బిగించి కోశారు. తర్వాత తెచ్చి గుమ్మంలో పడేశారు. చెవి లేనివాళ్ళ మీదకు నేరం తోయడానికి. చెవులున్నది ఇద్దరికే."

మెకానిక్‌ల గుంపులో గొణుగుడు మొదలైంది. లార్టే రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "మర్యాదస్తుల్ని రోడ్డుమీద కూర్చోబెట్టి ఇలా మాట్లాడతావా? మరి కొలిమిలో దొరికిన ఇత్తడి?"

"ఆ కొలిమి గాలి కన్నంలో ఒక కోడిపెట్ట పొదుగుతోంది. డాన్సో పెద్దాయన ఊరెళ్ళేముందునుంచీ. మొన్న రాత్రి అక్కడ ఇత్తడి కరిగించి ఉంటే, పొద్దునకి అది వేపుడు అయ్యేది. నన్ను పొడిచేది కాదు."

నవ్వులు ఆగేదాకా ఆమె ఆగింది.

"ఎవరో పాతసామాను అంగట్లో కరిగించిన ముద్ద కొని, చల్లటి కొలిమిలో పెట్టి, తామే ఫోన్ వచ్చిందన్నారు. ఇంజనంతా ఇత్తడే అనుకున్నవాడి పని అది. లోపల ఉక్కు ఇరుసుంది. సైకిల్ స్పోకులున్నాయి. ఇత్తడి కరిగే వేడికి ఉక్కు కరగదు. అవి ముద్దలో గుచ్చుకునైనా ఉండాలి, బూడిదలోనైనా ఉండాలి. బఫూ గారికి ఆ సంగతి తెలుసు. పోయిన నెల తన చేత్తో విప్పి చూశారు. ఏ చెంచాతో విప్పాలో కూడా తెలుసు. ఆయనే దొంగైతే ఈ నట్లు ఇలా పట్టకారుతో కొరికించరు. ఆ రోజు దుమ్ముకు జడిసి కార్లో కూర్చున్నాయనకు చెంచా గురించీ తెలీదు, ఇరుసు గురించీ తెలీదు."

అందరి కళ్ళూ ఒక్కచోటికే వెళ్ళాయి.

"ఊహలు," అన్నాడు లార్టే. "కోడిపెట్టలూ, చెంచాలూ. నా దగ్గర ఇంజను ఉందా? చూపించు."

"మీ దగ్గర ఉందని నేనన్నానా? ఎక్కడుందో నాకు తెలీదు. అదే నా భయం." బిరాగో ఫ్రెమా వైపు తిరిగింది. "అమ్మాయ్, లోపలి మసి పోవాలని ఇంజను పెట్టెలో బ్యాటరీ యాసిడ్ పోసి ఉంచానన్నావు కదూ, పరీక్ష రోజు పొద్దున కడుగుదామని."

ఒపాంగ్‌కి ఆ సంగతి కొత్తగా వినబడింది. ఫ్రెమా రెప్ప ఒక్కసారి కొట్టింది.

"నిండా పోశాను," అంది. "నిలువుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. పక్కకు పడుకోబెడితే కారుతుంది."

"కారితే?"

"గుడ్డ తింటుంది, రబ్బరు తింటుంది. ఆ తర్వాత ఏది తగిలితే అది."

గుంపు వెనక టీ గ్లాసు కింద పడిన చప్పుడు అయింది.

"సార్," అని సులే కేక పెట్టాడు. "ఆ జెనరేటర్ సామాను పెట్టెలో ఉన్నది అదేనా సార్? వెనకసీటు కిందే ఉంది. మీరే పక్కకు పడుకోబెట్టించారు. దాని కిందనే పెట్రోలు గొట్టం."

"సులే, ఆగు," అన్నాడు లార్టే.

సులే ఆగలేదు. ఇల్లూ పిల్లలూ ఉన్న మనిషి, కారు తగలబడితే అడిగేది తననే. వెనక తలుపు లాగి, దుప్పటి పీకి, ఒక పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని పరుగున తెచ్చి నేలమీద పెట్టి దూరంగా గెంతాడు. క్యెయి మూత తీశాడు. ఏడు సిలిండర్లు ఎండలో మెరిశాయి. చుక్క యాసిడ్ లేదు.

"దీన్ని టేమా రేవులో సార్ బావమరిది గోదాములో దించమన్నారు," అని సులే ఇన్‌స్పెక్టరుతో చెప్పుకుంటున్నాడు. "జెనరేటర్ సామానన్నారు. నాకేం తెలుసు సార్."

బఫూ కళ్ళద్దాలు తీసి లార్టే వైపు చూశాడు. "మీ బావమరిదే కదా పోయిన సంవత్సరం ఒక నమూనా తెప్పిస్తానని అర్జీ పెట్టుకున్నది? దానికి ఇంజను లేదు, ముక్కున రంగుతో బొమ్మ వేసి ఉందని మనం వద్దన్నాం."

"అందుకే కరిగించలేదు," అంది బిరాగో. "ఈమె దొంగగా ముద్రపడి బయటికి పోవాలి. ఈమె ఇంజను ఆ రంగుబొమ్మ మీద కూర్చుని హాల్లో వేలాడాలి."

ఇన్‌స్పెక్టరు లేచి లార్టే పక్కన నిలబడ్డాడు. పోలీసు జీపు ఎక్కేముందు లార్టే వెనక్కి తిరిగి, "అయినా ఇది ఈమె చేసిందని రుజువేది?" అన్నాడు. ఆ ఒక్క మాటకే మెకానిక్‌లు మళ్ళీ సుత్తులందుకుని మరింత దగ్గరికి జరిగారు. జీపు త్వరగా కదిలింది.

ఫ్రెమా మాత్రం ఆ మాట వదల్లేదు. బల్లమీద బట్ట పరిచింది. చెంచా తీసుకుని, పరీక్షకు ఎలా విప్పాలనుకుందో అలాగే విప్పసాగింది. చువ్వలు, మూతలు, సిలిండర్లు, పిస్టన్లు. ఒక్కొక్కటీ బఫూ ముందు వరసగా పెట్టింది. చివరికి నడిమి పెట్టె రెండు చిప్పలుగా విడిపోయింది. ఒక చిప్పను వెలుతురుకు తిప్పి అతని చేతిలో పెట్టింది.

లోపలి గోడమీద, ఇత్తడిలో, ఒక బొటనవేలి ముద్ర. గీతలతో సహా.

"మా పోతపనివాళ్ళు మైనం మెత్తగా ఉన్నప్పుడే ఎవరికీ కనబడనిచోట వేలు నొక్కుతారు," అన్నాడు డాన్సో. "మా అమ్మానాన్నలు నాకు నేర్పారు, నేను దీనికి నేర్పాను. పరదేశం పెట్టెలో ఇది రాదయ్యా."

బఫూ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఫ్రెమా బొటనవేలు చాపింది. ఆయన దాన్నీ చూశాడు. తర్వాత చిప్పను జాగ్రత్తగా బట్టమీద పెట్టాడు.

"నేను అనుమానించాను," అన్నాడు. "అడగడం తప్పు కాదు. నమ్మకపోవడానికి మాత్రం నా దగ్గర కారణం లేదు. అక్రా వాడు అంటే తలూపాను. క్షమించమ్మా. సోమవారం లారీ పంపిస్తాను. హాలు మధ్యలో, అందరికీ కనబడేచోట వేలాడదీయిస్తాను."

చుట్టూ జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఫ్రెమా చెయ్యెత్తి ఆపింది.

"వద్దండి."

"అదేమిటి?"

"మీరు మంచివారు. మీమీద కోపం లేదు. కానీ నా వేలు చూపిస్తే తప్ప నాది కాదన్న హాల్లో నా విమానం వేలాడదు. రేపు అక్కడికి వచ్చే ప్రతి సూటువాడూ కిందనుంచి తలెత్తి, ఇది ఎక్కడ కొన్నారని అడుగుతాడు. ప్రతివాడికీ పెట్టె విప్పి చూపించడానికి నేనుండను."

"మరి ఎక్కడ పెడతావు?"

"ఇక్కడ. ఈ వీధి మీద. దీన్ని పుట్టించిన మోత మధ్యలో. చూడాలనుకున్నవాళ్ళు దుమ్ములో నడిచి రావాలి. అడిగితే చెప్పడానికి వీధి నిండా మనుషులున్నారు."

"వానకు తడుస్తుంది చెల్లీ," అన్నాడు క్యెయి.

"తడవనీ. నువ్వు సాగగొట్టిన రేకు వానకు భయపడుతుందా?"

క్యెయి ఆలోచించి తల అడ్డంగా ఊపాడు. "పడదు."

"అయితే హాలు?" అన్నాడు బఫూ.

"ఖాళీగా ఉంచండి. ఎందుకు ఖాళీగా ఉందని అడిగేవాళ్ళను ఇటు పంపండి."

బఫూ కోటు విప్పి బల్లమీద పెట్టాడు. "ఏ బరువుకు ఏ తాడు వాడుతున్నారో నన్ను చూడనివ్వండి. విమానం మీది. అది ఎవరి నెత్తినా పడకుండా చూడటం నా పని."

ఆ వారమంతా మెకానిక్ పేటలో రోడ్డుకు అటూ ఇటూ రెండు ఇనుప స్తంభాలు లేచాయి. లారీ ఇంజన్లు ఎత్తే గొలుసు తెచ్చారు. తాడు పట్టుకోవడానికి మనుషులు ఎక్కువై, పట్టు దొరక్క పోట్లాడుకున్నారు. ఒపాంగ్ బనియనుతో తాడు లాగుతూ, ఈ కేసు తేల్చింది మా అక్కే అని పక్కవాడికి చెబుతున్నాడు. ఆ పక్కవాడికి అది అప్పటికే చాలాసార్లు చెప్పాడు. బిరాగో నీడలో నిలబడి వేరుశెనగలు ఒలుచుకుంటూ చూసింది.

విమానం లారీల కప్పులు దాటి పైకి వెళ్ళింది. రెక్కల నీడ వీధికి అడ్డంగా పడింది. కింద లారీలు హారన్లు కొట్టడం మాని ఆగిపోయాయి. ఫ్రెమా నిచ్చెన ఎక్కి, ముక్కు దగ్గర నిలబడి, పంకాను చేత్తో ఒక్క తిప్పు తిప్పింది. ఏడు పిస్టన్లు వరసగా కదిలిన టకటక చప్పుడు కిందిదాకా వినబడింది, ఎందుకంటే ఆ ఒక్క నిమిషం పేటలో ఎవరూ సుత్తి ఎత్తలేదు.